టూ అంటే చాలా కాదు

మొన్న ఒకాయన కూతురి పెళ్ళి శుభలేఖ ఇవ్వడానికి భార్యతో కలిసి మా ఇంటికి వచ్చారు. మా వారికి ఉద్యోగంలో పరిచయం. బ్యాంకులో పెద్ద హోదాలో ఉన్నారు, తల బాగా నెరిసింది. సొంతవూరు ధవళేశ్వరం అన్నారు. నేను శుభలేఖ అందుకుని మర్యాద కోసం నాలుగు మాటలు అడుగుతుంటే ఆయన నా ముఖంలోకి పరీక్షగా చూసి, "మీరు రాజమండ్రిలో వీర్రాజు మాస్టారి మేనకోడలు కాదండీ?" అన్నారు. అవునన్నాను. ఆయన ముఖం విప్పారింది. "నేను మాస్టారి ట్యూషన్‌కి సైకిలు మీద వచ్చేవాణ్ణండి, పొద్దున్న బ్యాచికి," అని భార్య వైపు తిరిగి, ఎక్కాలు అప్పజెప్పే పిల్లాడిలా రాగం తీశారు. "వరలక్ష్మి ఈజ్ టూ డల్ టు లెర్న్ ఇంగ్లీష్. వరలక్ష్మి ఈజ్ సో డల్ దట్ షీ కెనాట్ లెర్న్ ఇంగ్లీష్." ఆవిడ నవ్వింది. మా వారు కూడా, సంగతి తెలియక, నవ్వారు. "ఈ ఒక్క వాక్యం వల్ల నాకు ఆ గ్రామరు ఇప్పటికీ గుర్తుండిపోయిందండి," అన్నారాయన.

ఆ వరలక్ష్మిని నేనే. ఆయన మనసులో కల్మషం లేదు, ఉంటే ఆ మాట నా ఇంట్లో కూర్చుని, నా చేతి కాఫీ తాగుతూ అనరు. వాళ్ళు వెళ్ళాక మా వారు, "ఏంటి అలా ఉన్నావు?" అని అడిగితే తలనొప్పి అన్నాను. తలనొప్పి కాదు, కోపం. మామయ్య పోయి కొన్నేళ్ళయింది. పోయినవాళ్ళ మీద కోపం ఉంచుకోకూడదని మా అమ్మ అంటుంది. నేను ఉంచుకున్నాను. ఎవరి కోపం వాళ్ళ కష్టార్జితం. దాన్ని దాచుకోవడానికి ఒకరి అనుమతి ఎందుకని నా అభిప్రాయం.

మాది ఆత్రేయపురం. అరటితోటలున్న కుటుంబం. గెలలు కోసిన రోజున నాన్న రావులపాలెం మార్కెట్టుకి వెళ్ళి, సాయంత్రానికి చొక్కా నిండా అరటి కర మరకలతో తిరిగి వచ్చేవాడు. ఇంట్లో పదో తరగతి దాటి చదివినవాళ్ళు లేరు. అమ్మ వైపున మాత్రం ఒకే ఒక్క చదువుకున్న మనిషి, అమ్మకి అన్నయ్య, వీర్రాజు మామయ్య. రాజమండ్రిలో ఇంగ్లీషు లెక్చరరు. మా ఇంట్లో ఆయన మాట వస్తే నాన్న కూర్చున్నవాడు కొంచెం సర్దుకుని కూర్చునేవాడు. తెలుగు మీడియంలో టెన్త్ పాసైన నన్ను ఇంటర్‌కి ఆయన ఇంట్లో ఉంచితే నాలుగు ఇంగ్లీషు ముక్కలు వస్తాయని అమ్మ ఆశ. మామయ్య సరే అన్నాడు. నాన్న నా ట్రంకుపెట్టె మోసుకుని బస్సెక్కించినప్పుడు నాకు పదహారేళ్ళు. బొబ్బర్లంక దాటి బ్యారేజీ మీద నుంచి బస్సు వెళ్తుంటే, ఇంక నా బతుకు ఇంగ్లీషులో జరుగుతుందని అనుకున్నాను.

ఆ ఇంటి వాసనలు ఇప్పటికీ చెప్పగలను. వీధి వసారాలో సుద్దముక్క పొడి, ముప్పయిమంది పిల్లల తడి తలల కొబ్బరినూనె. లోపలికి వస్తే చికోరీ ఎక్కువ కలిపిన కాఫీ. ఇంకా లోపల, గంజి పెట్టి ఇస్త్రీ చేసిన మామయ్య పంచెలు. అత్తయ్య తెల్లవారకుండానే లేచి, వసారా కడిగి, చాపలు పరిచి, నల్లబల్ల తుడిచి, కాఫీ డికాక్షను దింపేది. అప్పుడు మామయ్య లేచేవాడు. కిటికీ ఊచకి అద్దం వేలాడదీసి, రేడియోలో ఇంగ్లీషు వార్తలు వింటూ గడ్డం గీసుకునేవాడు. వార్తలు చదివేవాడు ఎక్కడైనా తడబడితే అద్దంలో తనకు తానే తల అడ్డంగా ఊపుకునేవాడు. పేపరు ఆయన చదవకముందు ఎవరూ ముట్టుకోకూడదు. శుభలేఖలు వస్తే పెళ్ళి ఎవరిదో చూడకుండా ఎర్రపెన్నుతో ఇంగ్లీషు తప్పులు దిద్దేవాడు. వీధిలో నడుస్తూ బోర్డుల మీద తప్పులు పైకి చదివేవాడు. మంచి టీచరని ఊరంతా పేరు. ఆ పేరు అబద్ధమని నేను అనను. ఆయనకి ఇంగ్లీషు వచ్చు. దాన్ని ఇంకొకరికి ఇవ్వడం ఆయనకి ఇష్టం లేదు, అంతే. మన దగ్గర ఉన్న నగ ఎదుటివాడి మెడలో పడితే మన మెడ బోసిపోతుందని భయపడేవాళ్ళుంటారు. ఆయన భాషని అలా పెట్టుకున్నాడు.

నేను వెళ్ళిన వారంలోనే ఆయన కాలేజీ ప్రిన్సిపాల్ గారు ఇంటికి వచ్చారు. అత్తయ్య నా చేత జంతికల పళ్ళెం పంపింది. ఆ పెద్దాయన నన్ను దగ్గరికి పిలిచి, ఇంగ్లీషులో, మీ మామయ్య నిన్ను బాగా చూసుకుంటున్నాడా అని అడిగారు. ఆ ప్రశ్న నాకు అర్థమైంది. అర్థమైనందుకే ఒళ్ళు పొంగింది. ఇంగ్లీషులో ఎవరైనా నన్ను అడగడం అదే మొదలు. మంచి మాట చెప్పాలని, అందులోనూ గట్టిగా చెప్పాలని, నా దగ్గరున్న గట్టి మాట ఏరుకుని, "మై అంకుల్ ఈజ్ టూ గుడ్, సార్," అన్నాను. మా ఊళ్ళో ఇంగ్లీషు చెప్పిన మాస్టారు చాలా అనడానికి టూ అనే అనేవారు. చాలా మంచివాడు అని నా ఉద్దేశం. నిజంగానే ఆ రోజుకి మామయ్య అంటే నాకు దేవుడితో సమానం.

ప్రిన్సిపాల్ గారు పకపకా నవ్వారు. "చూశావా వీర్రాజూ, నువ్వు మరీ మితిమీరిన మంచివాడివట. ఇంత మంచితనం పనికిరాదంటోంది మీ అమ్మాయి," అన్నారు. ఆయన సరదాకి అన్నారు, జంతిక కొరికి మరిచిపోయారు. మామయ్య చెవులు ఎర్రబడ్డాయి. ఆయన వెళ్ళేదాకా ఓపిక పట్టి, గేటు వేసి వచ్చి, "టూ అంటే చాలా కాదే, మొద్దూ. పెద్దమనిషి ముందు నా పరువు తీశావు," అన్నాడు. మరి టూ అంటే ఏమిటి మామయ్యా అని అడిగాను. తెలుసుకోవాలనే అడిగాను. "రేపు పొద్దున్న చెబుతాను," అన్నాడు.

చెప్పాడు. ఇంటర్ పరీక్షలో ఒక ప్రశ్న వచ్చేది, వాక్యంలో టూ తీసేసి అదే అర్థం వచ్చేలా తిరగరాయమని. ఆ వాక్యాలన్నీ అందరికీ తెలిసినవే. ముసలివాడు నడవలేనంత నీరసంగా ఉన్నాడు, టీ తాగలేనంత వేడిగా ఉంది. మర్నాడు ట్యూషన్లో మామయ్య నల్లబల్ల మీద ఆ ముసలివాణ్ణీ రాయలేదు, ఆ టీనీ రాయలేదు. నేను కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉండగా, గుండ్రటి అక్షరాలతో నా పేరు పెట్టి వాక్యం రాశాడు. "చదవండి," అన్నాడు. చదివారు. "టూ తీసెయ్యండి," అన్నాడు. ముప్పయి గొంతులు ఒక్కసారి లేచి టూ తీసేశాయి. వరలక్ష్మి ఎంత మొద్దు అంటే ఇంగ్లీషు నేర్చుకోలేదు. కొందరు నన్ను చూసి నవ్వారు, ఎక్కువమంది నవ్వలేదు, పరీక్ష కోసం రాసుకున్నారు. రాసుకున్నవాళ్ళని చూస్తేనే నాకు ఎక్కువ మండింది.

ఒక్క రోజుతో పోతే నేను ఇదంతా రాయను. ఆ వాక్యం ఆయనకి కలిసొచ్చింది. పిల్లలకి వెంటనే పట్టుబడింది. దాంతో కొత్త బ్యాచి వచ్చినప్పుడల్లా, పాఠం తిరగేసినప్పుడల్లా నా పేరే. వసారాలో అది మొదలవుతుందని తెలిసి నేను పెరట్లోకి వెళ్ళి నూతి దగ్గర చేద గిలక చప్పుడు చేసేదాన్ని. ఆ చప్పుడు మీద నుంచి కూడా వినిపించేది. కాలేజీకి వెళ్తే అక్కడ కూడా ఆ ట్యూషన్ పిల్లలు ఉండేవారు. ఎవరైనా టూ అనగానే వెనక బెంచీ వైపు తిరిగేవారు. నేను క్లాసులో నోరు విప్పడం మానేశాను. మామయ్య దాన్ని కూడా లెక్కలోకి వేసుకున్నాడు. "నోరే తెరవదు, ఇంక భాష ఎక్కడ వస్తుంది," అనేవాడు భోజనాల దగ్గర, వెండిగిన్నెలో పెరుగు కలుపుకుంటూ. అత్తయ్య వడ్డన అయ్యాక నా కంచంలో ఇంకొంచెం నెయ్యి వేసేది. ఆ నెయ్యి నాకు సరిపోలేదని అప్పుడు అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

రెండో సంవత్సరం పరీక్షలు దగ్గరపడ్డాయి. పరీక్ష ఫీజు కట్టాల్సిన వారంలో మామయ్య నాన్నకి కబురు చేశాడు. నాన్న మంచి చక్కెరకేళి గెల భుజాన వేసుకుని వచ్చాడు. దాన్ని వసారా మూల ఆనించి, కాళ్ళు కడుక్కుని, కుర్చీ చూపించినా గుమ్మం పక్కన బల్ల మీద కూర్చున్నాడు. నేను వంటింటి తలుపు చాటున ఉన్నాను. అత్తయ్య కత్తిపీట ముందు దొండకాయలు తరుగుతోంది.

"మొహమాటం లేకుండా చెబుతున్నాను బావగారూ," అన్నాడు మామయ్య. "దీనికి ఇంగ్లీషు ఎక్కదు. పరీక్షకి కూర్చుని తప్పిందనుకోండి, వీర్రాజు ఇంట్లో ఉన్న పిల్లే ఇంగ్లీషు తప్పిందంటారు. ఈ ఊళ్ళో నేను తలెత్తుకోవాలా వద్దా?"

"తప్పుతుందంటారాండీ?" అన్నాడు నాన్న.

"తప్పకుండా తప్పుతుంది."

"మిగతావాటిలో ఎలా ఉందండీ?"

"మిగతావి ఎవడిక్కావాలి?"

నాన్న కాసేపు తన చేతుల వైపు చూసుకున్నాడు. "మీరు చెప్పాక ఇంకేముందండి," అన్నాడు.

అత్తయ్య చేతిలో దొండకాయ ఆగింది. మళ్ళీ కదిలింది. అదే రోజు మధ్యాహ్నం నా ట్రంకుపెట్టె బస్సు పైకెక్కింది. గెల మాత్రం వాళ్ళింట్లోనే ఉంది. బస్సులో నాన్న, "మామయ్య నీ మంచికే చెప్పారమ్మా," అన్నాడు. నేను కిటికీలోంచి గోదావరి చూస్తూ, ఆ మనిషి నోటితోనే నా పేరు ఇంకోలా పలికిస్తానని మొక్కుకున్నాను. దేవుడికి కాదు, నాకు నేనే.

ఇంటికొచ్చాక నాయనమ్మ నన్ను రేకుల కుండ ముందు కూర్చోబెట్టింది. మా వీధిలో సగం ఇళ్ళలో పూతరేకులు తీసేవారు, మా ఇంట్లోనూ తీసేవారు. బోర్లించిన కుండ కింద కొబ్బరాకు మంట, పక్కన గిన్నెలో పల్చటి బియ్యప్పిండి నీళ్ళు. తడిగుడ్డ అందులో ముంచి కుండ మీద ఒక్కసారి లాగితే కాగితంలాంటి రేకు విడుతుంది. పొగకి కళ్ళు మండేవి. ఏడ్చినా ఎవరికీ తెలియదు కనుక నాకు ఆ పని బాగానే ఉండేది. ఒకరోజు ఎంత లాగినా రేకు రావడం లేదు. ముద్ద ముద్దగా అంటుకుపోతోంది. విసుగెత్తి, "పిండి మరీ చిక్కగా ఉంది నానమ్మా, రేకు రాదు," అన్నాను. అని, గుడ్డ చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాను. టూ అంటే మరీ. ఆ వాక్యంలో దాని వెనక వచ్చే టు లోపల ఒక రాదు, ఒక లేదు, ఒక కుదరదు దాక్కుని ఉంది. పిండి ఎంత చిక్కగా ఉందంటే రేకు రాదు. మామయ్య రెండేళ్ళు నా పేరు పెట్టి ముప్పయిమంది చేత అరిపించిన గ్రామరు ఇది. ఈ ఒక్క తెలుగు మాట చెప్పి ఉంటే వచ్చిన రోజే నాకు తెలిసిపోయేది. ఆయనకి మరీ అనే మాట తెలియక కాదు. తెలుగులో చెబితే అది అందరిదీ అయిపోతుంది, అందుకు చెప్పలేదు. అది అర్థమయ్యాక నా కోపానికి ఒక ఆకారం వచ్చింది. అంతవరకు ఏడుపు, అక్కడి నుంచి పని.

"ఒక్కసారి పరీక్షకి కట్టండి నాన్నా. తప్పితే మళ్ళీ చదువు మాట ఎత్తను," అని అడిగాను. అమ్మ, "అన్నయ్య వద్దన్నాక ఎలాగే," అంది. నాన్న మాత్రం అమ్మతో చెప్పకుండా కట్టాడు. ఆ రోజు బావగారి మాటకి తలూపి వచ్చినందుకు ఆయన లోపల నలుగుతున్నాడని నాకు అప్పటిదాకా తెలియదు. ప్రైవేటుగా రాశాను, పాసయ్యాను. కొత్తపేటలో డిగ్రీ, విశాఖపట్నంలో ఇంగ్లీషు ఎం.ఏ. నన్ను చదివించింది పగ. తెల్లవారుజామున లేవడానికి నాకు అలారం అక్కర్లేదు, ఆ ముప్పయి గొంతులు లేపేవి. హాస్టల్లో స్నేహితులు, ఇంత పట్టుదల ఎలా వచ్చిందే అని అడిగేవారు. మా మామయ్య నేర్పారు అనేదాన్ని. అది అబద్ధం కాదు.

చదువయ్యాక విశాఖలోనే ఒక కాలేజీలో ఉద్యోగం ఇస్తామన్నారు. నేను రాజమండ్రి వచ్చి, మామయ్య ఇంటికి సరిగ్గా ఎదురుగా ఉన్న మేడ మీద రెండు గదులు అద్దెకి తీసుకున్నాను. నాన్న, "ఊరంతా వదిలేసి ఎదురింట్లోనా అమ్మా?" అన్నాడు. "ఎదురింట్లోనే నాన్నా," అన్నాను. ఆయన బోర్డు పట్టుకుని నిచ్చెన ఎక్కాడు. ఊళ్ళో ప్రతి సందులోనూ కంప్యూటర్ కోర్సుల బోర్డులు లేస్తున్న రోజులవి. ఉద్యోగం కావాలంటే ఇంగ్లీషులో మాట్లాడాలని పిల్లలకీ తల్లిదండ్రులకీ ఒకేసారి తెలిసింది. బోర్డు మీద నా పేరు, కింద ఎం.ఏ. ఇంగ్లీషు అని, వాళ్ళ వసారాలో కూర్చున్నవాడికి కళ్ళజోడు లేకుండా కనిపించేంత పెద్దగా రాయించాను. ట్యూషన్ వేళ కూడా మామయ్య వేళే పెట్టాను. ఏ పిల్లాడైనా ఇటో అటో తేల్చుకోవాలి. సగం సగం రెండుచోట్లా కూర్చునే వీలు ఇవ్వలేదు.

మొదట్లో మామయ్య నవ్వాడట. పూతరేకులు తీసుకునే పిల్ల ఇంగ్లీషు చెబుతుందట అని అందరితోనూ అన్నాడట. నేను ఆయన గురించి ఎవరితోనూ ఒక్క చెడ్డమాట అనలేదు. పాఠం చెప్పాను. టూ అంటే మరీ అని, వెరీ అంటే చాలా అని, క్వైట్ అంటే ఫరవాలేదు బాగానే అని, కాఫీ కలిపినంత తేలిగ్గా చెప్పాను. తప్పు మాట్లాడిన పిల్లని చూసి ఎవరినీ నవ్వనివ్వలేదు. పేరు పెట్టి వాక్యం రాస్తే మంచి వాక్యమే రాశాను. కొన్ని నెలలకి ఎదురింటి గేటు ముందు సైకిళ్ళు పల్చబడి, మా మెట్ల కింద సందు లేకుండా నిలబడసాగాయి. ధవళేశ్వరం నుంచి వచ్చే పిల్లలు ఒకరి వెంట ఒకరు రోడ్డు దాటి ఇటు వచ్చారు. ఆ రోడ్డు దాటుతున్నప్పుడు వాళ్ళు మామయ్య వసారా వైపు చూడకుండా తల వంచుకునేవారు. నేను కిటికీలోంచి చూసేదాన్ని. దాచడమెందుకు, నాకు ఎంతో బావుండేది. పండగ పూట పిండివంటలకి కూడా అంత రుచి ఉండేది కాదు.

ఒకరోజు పొద్దున్న టూ పాఠం వచ్చింది. ఎదురుగా వసారాలో మామయ్య ముందు నలుగురైదుగురు పిల్లలున్నారు. నేను కిటికీ రెండు రెక్కలూ బార్లా తీశాను. నల్లబల్ల మీద రాశాను. "సమ్ టీచర్స్ ఆర్ టూ ప్రౌడ్ టు టీచ్." పిల్లల్ని చదవమన్నాను. చదివారు. టూ తీసెయ్యమన్నాను. మేడ నిండిన గొంతులు ఒక్కసారి లేచాయి. "సమ్ టీచర్స్ ఆర్ సో ప్రౌడ్ దట్ దే కెనాట్ టీచ్." కొందరు ఉపాధ్యాయులకి ఎంత గర్వమంటే వాళ్ళు పాఠం చెప్పలేరు. ఎదురు వసారాలో సుద్దముక్క ఆగిపోయింది. మామయ్య తల తిప్పి పైకి చూశాడు. నేను కిటికీ దగ్గరే నిలబడి ఉన్నాను. పక్కకి తప్పుకోలేదు. "మళ్ళీ," అన్నాను పిల్లలతో. మళ్ళీ అన్నారు. ఆయన సుద్దముక్క బల్ల మీద పెట్టి, చేతులు దులుపుకుని, లోపలికి వెళ్ళాడు. వాళ్ళ పిల్లలు కాసేపు చాప మీద కూర్చుని, ఒకరి ముఖం ఒకరు చూసుకుని లేచి వెళ్ళిపోయారు. ఆ తరువాత ఆ వసారాలో చాపలు పరవలేదు.

అమ్మ నాతో చాలా కాలం మాట్లాడలేదు. తోడబుట్టిన అన్నయ్యని వీధిలో పెట్టానంది. నేను వాదించలేదు. తన అన్నయ్య, తన బాధ. నాకు ఆశ్చర్యం కలిగించింది అత్తయ్య. ఒక మధ్యాహ్నం ఆవిడ రోడ్డు దాటి మా మెట్లెక్కి వచ్చింది. ఎదురుగా ఉన్నా అంతవరకు రాలేదు. తిడుతుందనుకుని నిలబడ్డాను. ఆవిడ చెంగుతో ముఖం తుడుచుకుని, కిటికీ దగ్గరికి వెళ్ళి, తన ఇల్లు పరాయిదాన్ని చూసినట్టు చూసింది.

"మీ మామయ్య ట్యూషన్ మానేశారు," అంది.

"తెలుసు అత్తయ్యా."

"నువ్వే మాన్పించావంటున్నారు."

"నేనే మాన్పించాను."

ఆవిడ తల ఊపింది. "నిన్ను పేరు పెట్టి అన్నారు. నువ్వు ఆ పేరు బోర్డు మీద రాయించుకున్నావు. నన్ను ఇన్నేళ్ళుగా 'ఇదిగో' అంటారే. ఆ మాటతో బోర్డు ఎలా రాయించుకుంటారు?" అంది. ఆ మాటలో ఏడుపు లేదు, నవ్వూ లేదు. కాఫీ ఇస్తే తాగింది. తాగి, గ్లాసు కింద పెడుతూ, "ఈ వారం అంతా తెల్లగా తెల్లారాక లేస్తున్నాను. ఎంత బావుంటుందో ఇన్నాళ్ళూ నాకు తెలియదు," అంది. వెళ్ళేటప్పుడు నా తల మీద చెయ్యి పెట్టి వెళ్ళింది. ఆ రోజు తలుపు చాటున ఆవిడ నోరు విప్పి ఉంటే నా చదువు ఆగేది కాదని నేను మరిచిపోలేదు. అయినా ఆ చెయ్యి బరువు నాకు హితవుగానే ఉంది.

తరువాత నేనూ ఒక కాలేజీలో లెక్చరరుగా చేరాను. ఇప్పుడు మా కాలేజీలో పిల్లలు ఒకరినొకరు, నువ్వు టూ గుడ్ రా అనుకుంటారు. టూ మచ్ చేస్తున్నావంటారు. సినిమా ఎలా ఉందంటే టూ గుడ్, బిరియానీ ఎలా ఉందంటే టూ గుడ్. ఇంగ్లీషు పుట్టిన దేశంలోనూ మెచ్చుకోలుగా ఆ మాట అంటున్నారని ఫోన్లలో చూపిస్తారు. ఏ మాటకి నా పేరు నల్లబల్ల ఎక్కిందో ఆ మాట ఈ రోజు ఒప్పైపోయింది. ఎవరూ ఎవరి చెవులూ మెలిపెట్టరు. ఈ కాలం పిల్లలకి గ్రామరు రాదని నా తోటివాళ్ళు బాధపడతారు. నేను అంత బాధపడను. తప్పు ఇంగ్లీషులో ధైర్యంగా మాట్లాడే పిల్లని చూస్తే ముచ్చటేస్తుంది. ఆ వెంటనే, నూతి దగ్గర గిలక లాగుతూ నిలబడ్డ పదహారేళ్ళ పిల్ల కళ్ళ ముందుకొస్తుంది. దానికి ఈ కాలం దొరకలేదు. కాలం మారితే అందరి లెక్కలూ సమమైపోతాయంటారు కానీ, నాకు అలా కనిపించలేదు. ఒకరి దగ్గర లాక్కున్నది వేరే తరానికి ఇచ్చినంత మాత్రాన చెల్లిపోదు.

మామయ్యా నేనూ మళ్ళీ మాట్లాడుకున్నది ఒకే ఒక్కసారి. మా బాబాయి కొడుకు రావులపాలెంలో ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి అందరినీ పిలిచాడు. షామియానా కింద బల్లలు వేసి వరసగా విస్తళ్ళు పరిచారు. కూర్చోబెట్టేవాళ్ళకి మా సంగతి తెలియక నన్ను మామయ్యకి ఎదురు వరసలో, సరిగ్గా ఆయన ముందు కూర్చోబెట్టారు. ఆయన చిక్కిపోయాడు. పంచె మాత్రం అదే ఇస్త్రీ. నేను నమస్కారం పెట్టాను, ఆయన తల ఊపాడు. పక్కన కూర్చున్న పెద్దమనిషి కాకినాడ నుంచి వచ్చిన రిటైర్డు హెడ్మాస్టరు. పులిహోర కలుపుకుంటూ నన్ను చూసి, "ఈ అమ్మాయి ఎవరండీ?" అని మామయ్యని అడిగారు.

మామయ్య విస్తట్లోంచి తల ఎత్తలేదు. "మా చెల్లెలి కూతురు వరలక్ష్మి. కాలేజీలో ఇంగ్లీషు లెక్చరరు," అన్నాడు. ఆయన నోటి నుంచి నా పేరూ ఇంగ్లీషు అనే మాటా ఒకే ఊపిరిలో, మధ్యలో ఏ అడ్డూ లేకుండా రావడం అదే మొదటిసారి. నా చెయ్యి అన్నం మీద ఆగింది. అంతటితో ఊరుకుంటే ఏమయ్యేదో తెలియదు. ఆయన ఊరుకోలేదు. ఒక్క క్షణం ఆగి, "బాగానే చెబుతుందంటారు," అన్నాడు.

బాగా కాదు, బాగానే. తెలుగు తెలిసినవాళ్ళకి ఆ నే ఏం చేస్తుందో చెప్పక్కర్లేదు. పైకి మెచ్చుకుంటూనే చల్లగా కిందకి దించేస్తుంది. ఫరవాలేదు, గడిచిపోతుంది, ఏదో ఉంది అని దాని అర్థం. నన్ను తలుచుకుంటే ఆయన చేతికి ఇంకా ఒక రాయి దొరుకుతూనే ఉందన్నమాట.

నేను హెడ్మాస్టరు గారి వైపు చూసి, మర్యాదగా నవ్వాను. "మా మామయ్య కూడా ఒకప్పుడు బాగానే చెప్పేవారండి," అన్నాను.

హెడ్మాస్టరు గారు, "అలాగాండీ, చాలా సంతోషం," అని గారె పులుసులో ముంచుకున్నారు. మామయ్య అప్పుడు తల ఎత్తి నన్ను చూశాడు. జీవితమంతా మాటల తూకం చూసిన మనిషి. ఏ మాట ఎక్కడ ఎంత దిగుతుందో ఆయనకి వేరే చెప్పాల్సిన పని లేదు. మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు. పక్క వరసలో ఆడవాళ్ళ మధ్య అత్తయ్య విస్తట్లోకి వంగి, దీక్షగా అన్నం కలుపుకుంటోంది. పెరుగు బకెట్టు పట్టుకుని కుర్రాడు మా వరసలోకి వచ్చాడు. నేను ఒకసారి వేయించుకుని, తిని, వాణ్ణి మళ్ళీ పిలిచి ఇంకోసారి వేయించుకున్నాను.